ఆ షాట్‌లో అమ్మ అన్న మాట

పోయినవారం మన బుంగమూతిని లిఫ్టులో నిలబెట్టి తలుపులు మూసేశాం. పాపం, వారమంతా అందులోనే ఇరుక్కుపోయాడేమోనని బెంగపెట్టుకున్నవాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు, పై అంతస్తుకు క్షేమంగానే చేరాడు. అక్కడికి ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో మాత్రం ఒకసారి గుర్తు చేసుకుని ముందుకు నడుద్దాం.

బుంగమూతి సినిమాల్లో హాస్యనటుడు. ఎప్పుడో తొలి రోజుల్లో వేసిన అలిగిన అల్లుడి వేషంతో ఆ పేరు అతుక్కుపోయింది. అసలు పేరుతో పిలిచే మనిషి వాళ్లావిడ ఒక్కతే ఉండేది. ఆవిడ పోయాక ఆ పేరు కాగితాల మీద తప్ప ఎక్కడా వినిపించడం మానేసింది. జీవితమంతా నౌకర్లూ, పిరికి పోలీసులూ, తప్పిపోయిన పెళ్లికొడుకు తాలూకు మేనమామలూ వేసి వేసి, జుట్టు నెరిశాక తొలిసారి కథానాయకుడయ్యాడు. ఆ సినిమాలో అతను ఓ టెక్నాలజీ కుబేరుడు. లోకంలో ఒంటరివాళ్లందరినీ పలకరించే యాప్ ఒకటి తయారుచేసి కోట్లకు పడగలెత్తి, చివరికి తనను పలకరించే దిక్కులేక, తన శవయాత్రకు జనాన్ని కూడా ఆ యాప్‌లోనే ఆర్డరిచ్చుకునే మహానుభావుడు. సినిమాలో పేర్లన్నీ మార్చారు గానీ అది ఎవరి గురించో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. "పలకరింపు" యాప్ లేని ఫోను ఈ రోజుల్లో ఎవరి దగ్గరుంది?

విడుదలకు ముందు వేసిన ప్రదర్శనలో జనం కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. ఆ మర్నాడే ఆ యాప్ అసలు అధిపతి, సినిమాను విడుదల చేయాల్సిన కంపెనీని అమాంతం కొనేశాడు. సినిమా అటకెక్కింది. తీసిన దర్శకురాలు, బుంగమూతిని నోరారా బాబాయ్ అని పిలిచే పిల్ల, తిండీ నిద్రా మానేసి కూర్చుంది. అంతలో అధిపతి ఆఫీసునుంచి ఫోను: దర్శకురాలు వద్దట, లాయర్లు వద్దట, ఆ వేషం వేసినాయన ఒక్కణ్ణే రమ్మన్నారట.

అలా ఎక్కాడు లిఫ్టు.

తలుపులు తెరుచుకోగానే ఎదురుగా ఉన్న గాజు తలుపు అతని మొహం చూసి, తియ్యని ఆడగొంతుతో, "స్వాగతం సార్. ఇవాళ మీరు కొంచెం అలసిపోయినట్టున్నారు. కాసేపు నడుం వాలుస్తారా?" అని అడిగి తనంతట తాను పక్కకు జరిగింది.

బుంగమూతి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు వెలిగింది. వేషం కోసం గీయించుకున్న గుండు మీద జుట్టు ఇంకా సరిగా మొలవలేదు. సొంత కళ్లజోడు విరిగితే షూటింగులో ఇచ్చిన గుండ్రటి కళ్లజోడే పెట్టుకు తిరుగుతున్నాడు. తలుపు పొరబడింది.

తలుపు ఒక్కటే కాదు. హాల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్న కుర్రాళ్లు, అమ్మాయిలు దడాలున లేచి నిలబడ్డారు. సగం మంది మొహం చూసి కూర్చోబోయారు, మిగతా సగం మంది లేచే ఉన్నారని చూసి మళ్లీ లేచారు. కాసేపు ఆ హాలు అలా లేస్తూ కూర్చుంటూ ఉంది. చివరికి సెక్రటరీ అమ్మాయి ధైర్యం చేసి దగ్గరికొచ్చింది.

"మీరు... మీరు మా సార్ కాదు కదండీ?"

"కాదమ్మా. మీ సార్‌ని వెక్కిరించినవాణ్ణి."

ఆ అమ్మాయి పెదవులు బిగబట్టింది. అతన్ని వెంటబెట్టుకుని నడుస్తూ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ట్రైలర్ చూశానండి. బాత్రూంలో తలుపేసుకుని చూశాను. నవ్వు వినబడకుండా ట్యాప్ తిప్పాను" అంది. తర్వాత ఒక తలుపు ముందు ఆగి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, "లోపల ఉన్నారు సార్" అని వెళ్లిపోయింది.

సినిమాలో కుబేరుడి గదికి ఆర్ట్ డైరెక్టర్ ప్రాణం పెట్టాడు. గోడ పొడవునా చేపల తొట్టె, బంగారు పూత పూసిన ఉయ్యాల, కూర్చున్నవాడు మాట్లాడితే చప్పట్లు కొట్టే కుర్చీ. అసలు గదిలోకి అడుగు పెట్టిన బుంగమూతి తికమకపడ్డాడు. ఇది గోదామేమో అనుకున్నాడు. ఒక గోడంతా కిటికీ. దానికి పూర్తిగా దించిన తెర. ఒక బల్ల. ఒక సోఫా, కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యకుండానే. ఎవరైనా కూర్చుంటే కదా కవరు తియ్యాలనిపించడానికి! బల్ల మీద సగం తిన్న బిస్కెట్ల పొట్లం, మెత్తబడకుండా దానికి రబ్బరుబ్యాండు.

ఎదురు గోడ మీద పెద్ద తెర. దాని మీద తమ సినిమా ఆగి ఉంది. ఆసుపత్రి మంచం, ఆక్సిజన్ మాస్కు, మాస్కు పైన రెండు కళ్లు.

ఆ షాట్ చూడగానే బుంగమూతి చెయ్యి చెవి మీదికి పోయింది.

అధిపతి చేత్తో సోఫా చూపించాడు. పేపర్లలో కనబడే మనిషికి సగం ఉన్నాడు. కాళ్లకు చెప్పుల్లేవు, మేజోళ్లు మాత్రం ఉన్నాయి. అందులో ఒకదానికి బొటనవేలి దగ్గర చిల్లు. నేను వేసినప్పుడు ఈ చిల్లు పెట్టుకుని ఉంటే ఎంత నవ్వు వచ్చేదో అని నటుడి బుద్ధి ఒక్క క్షణం లెక్కేసింది. వెంటనే సిగ్గుపడింది.

"కూర్చోండి. టీ తాగుతారా?"

"వద్దండీ. విషం కలిపారేమోనని భయం" అన్నాడు బుంగమూతి. కూర్చుంటే కవరు కిర్రుమంది.

అధిపతి నవ్వలేదు. "మీరు బాగా వేశారు" అన్నాడు.

"కోర్టులో ఇదే మాట చెప్పండి సార్."

"కోర్టు లేదు. నేను కేసు పెట్టను." తెరవైపు చెయ్యి చూపించాడు. "ఈ సీను రాసిందెవరు?"

సీను గురించి తెలియనివాళ్లకు ఇక్కడ చెప్పాలి. సినిమాలో అన్నిటికంటే ఎక్కువ నవ్వు పుట్టించింది అదే. కుబేరుడి తల్లి ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంటుంది. కొడుక్కి వెళ్లే తీరిక లేదు. వీడియో కాల్‌లో చూస్తూ ఉంటాడు. అంతలో పెట్టుబడి పెట్టేవాళ్లు ఇంకో తెర మీదికి వస్తారు. ఆసుపత్రి గదిలో చప్పుడు మీటింగుకు అడ్డమొస్తుందని ఆ కాల్ శబ్దం ఆపేస్తాడు. తెర మూలన మాస్కులో ఏదో కదులుతూ ఉంటుంది. ఈయన మధ్యమధ్యలో అటు తిరిగి, ఏమీ వినకుండానే, "అలాగేనమ్మా, అలాగే" అని తల ఊపుతాడు. మీటింగు అయిపోగానే అలవాటు కొద్దీ రెండు కాల్సూ కలిపి పెట్టేస్తాడు. ఆ తల ఊపడానికి హాలు దద్దరిల్లిపోయింది.

"రాసింది మా దర్శకురాలేనండీ" అన్నాడు బుంగమూతి. "అమ్మ వేషం వేసినావిడ చెప్పిందట, ఇలాంటి సంగతి ఒకటుందని. ఆ వేషం తనకే ఇస్తే చెప్తానందట."

"ఆవిడ ఎవరో మీకు తెలుసా?"

"పేరు తెలీదు. మేమందరం అమ్మగారూ అనేవాళ్లం. నాకంటే కొన్ని నెలలే పెద్ద, అయినా నాకు తల్లి." ఆ మాటకు తనకే నవ్వొచ్చింది. "నన్ను అబ్బాయ్ అని పిలిచేది."

అధిపతి తెరమీది కళ్లను చూస్తూ ఉండిపోయాడు.

"ఆవిడ మా అక్క" అన్నాడు.

బుంగమూతి ఒకసారి తెరనూ, ఒకసారి అధిపతి మొహాన్నీ చూశాడు.

షాట్‌కీ షాట్‌కీ మధ్య ఓ మూల స్టూలు మీద కూర్చుని స్వెట్టరేదో అల్లుకుంటూ ఉండేది ఆవిడ. ఎవరికండీ అది అంటే, "ఎవరికీ కాదు అబ్బాయ్, అల్లితే చేతులు ఊరుకుంటాయి" అనేది. అతను టీ గ్లాసు పట్టుకెళ్లి పక్కన కూర్చునేవాడు. పెద్దగా మాట్లాడుకున్నదీ లేదు. కానీ ఇంటికి వెళ్లాక, తాళం తీసి చీకటి గదిలో లైటు వేసుకునేటప్పుడు, రేపు మళ్లీ ఆవిడ పక్కన కూర్చోవచ్చు కదా అనిపించేది. షూటింగు ముగిశాక ఆవిడ ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు. ఇచ్చిన నంబరు పనిచేయలేదు. ముందు ప్రదర్శన నాడు కూడా వెనక వరసలన్నీ వెతికాడు, వచ్చిందేమోనని.

"మా అమ్మ దగ్గర ఉన్నది అక్క ఒక్కతే" అన్నాడు అధిపతి. "ఫోను పట్టుకున్నది తనే. సినిమాలో చూపించినట్టే జరిగింది. ఏమీ కల్పించలేదు. ఆ తలకాయ ఊపడంతో సహా. ఆ రోజు సాయంత్రానికి అమ్మ పోయింది. అప్పటినుంచి అక్క నాతో మాట్లాడలేదు. ఇంటికెళ్తే తలుపు తియ్యలేదు. ఇల్లు మారిపోయింది. నాకోసం లోకంలో ఎవరినైనా వెతికిపెట్టే మెషిన్లు ఉన్నాయి. అక్కను మాత్రం వెతికించలేదు. దొరికాక ఏం చెయ్యాలి?"

"అయితే సినిమా మీద కోపం దానికా?"

"కోపం లేదు. అమ్మ ఏమందో కావాలి." తెరలోని మాస్కు వైపు వేలు చూపించాడు. "ఆ షాట్‌లో అక్క ఊరికే మాస్కు కదిలించలేదు. ఏదో మాట్లాడింది. అమ్మ ఆ రోజు అన్నదే తనూ అని ఉంటుంది. మీవాళ్ల సౌండ్ మొత్తం తెప్పించి విన్నాను. ఆ టేక్‌కి ఆవిడ వైపు రికార్డే చెయ్యలేదు. ఎలాగూ వినపడని మాట, ఎందుకులే అనుకున్నారు. పెదాలు చదివే మెషిన్లు ఉన్నాయి. మాస్కు అడ్డం. కానీ మీరు విన్నారు."

"నేనా? నేను వేరే గదిలో ఉన్నానండీ."

అధిపతి బల్ల మీది ఫోను తీసి చదివాడు. నెమ్మదిగా, ఏ భావం లేకుండా చదివాడు.

"ఇవాళ షాట్‌లో చెవిలో ఒక మాట పడింది. అది యాక్టింగ్ కాదు. నాకు ఏడుపొచ్చి తల ఊపాను. అందరూ నవ్వారు. ఈ సంగతి ఎవరితో చెప్పుకోను?"

బుంగమూతి జేబులో ఫోను తడుముకున్నాడు.

అవును. పలకరింపు యాప్‌ను తెర మీద ఉతికి ఆరేసిన ఆ మనిషే, ప్రతి ఉదయం మంచం మీద కూర్చుని దానికి జవాబు చెప్పేవాడు. "లేచారా? బాగా నిద్రపట్టిందా?" అని అది అడిగితే, "పట్టింది, మోకాలు నొప్పి" అనేవాడు. వాళ్లావిడ పోయిన కొత్తలో ఎవరో ఫోనులో వేసిచ్చారు. తీసేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడు. కానీ తీసేస్తే పొద్దున్నే అడిగేవాళ్లెవరు?

"దానికి చెప్పినవన్నీ మీరు చదువుతారా?"

"నేను చదవను. ఎవరూ చదవరు. ఈ సీను చూశాక మీది మాత్రం చదివాను."

"నిండు వీధిలో బట్టలూడదీసినట్టుందండీ." బుంగమూతి లేచాడు. సోఫా కవరు మళ్లీ కిర్రుమంది. "మేం మిమ్మల్ని వెక్కిరించింది తక్కువైంది. ఇంకో రెండు సీన్లు తియ్యాల్సింది. ఒంటరివాళ్లను పలకరిస్తానని పిలిచి, నోరు తెరిచాక వెనకనుంచి చెవి పెట్టి వింటారా? ఆ మాట నాది కాదు, మీది కాదు. ఆవిడది. కావాలంటే సినిమా తగలబెట్టుకోండి."

"చెప్తే రేపే విడుదల చేస్తాను. చెప్పకపోతే..."

"ఆ ముక్క మా దర్శకురాలికి చెప్పుకోండి. నాకు కాదు."

తలుపు దాకా వెళ్లాడు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. వెనకనుంచి మాట వినబడింది.

"మొదటిసారి చూసినప్పుడు నేను కూడా నవ్వాను."

బుంగమూతి తిరగలేదు.

"ఇక్కడే కూర్చుని చూశాను. ఆ తల ఊపడం చూసి పగలబడి నవ్వాను. ఎంత వెధవ వీడు అనుకున్నాను. నవ్వు సగంలో ఉండగా తెలిసింది, అది నేనే అని. ఎవరికైనా చెబుదామంటే ఈ అంతస్తులో నన్ను చూస్తే లేచి నిలబడేవాళ్లు తప్ప ఎవరూ లేరు." బల్ల వైపు చూస్తూ, "మీరు చెప్పకపోయినా సినిమా విడుదల చేస్తాను. ఇందాక అన్నది అలవాటు కొద్దీ అన్నాను. నాకు ఇంకోలా అడగడం రాదు" అన్నాడు.

బుంగమూతి తిరిగి చూశాడు. బల్ల వెనక ఆ మనిషి, చిల్లు మేజోడు, రబ్బరుబ్యాండు చుట్టిన బిస్కెట్ల పొట్లం. షూటింగు రోజుల్లో అద్దం ముందు నిలబడి నెలల తరబడి ఈ మనిషి నడకా, ఈ మనిషి భుజాలూ నేర్చుకున్నాడు. భుజాలు అలా ముందుకు వంగి ఎందుకుంటాయో అప్పుడు తెలియలేదు. గర్వమనుకుని వేశాడు.

వెనక్కి వచ్చి సోఫాలో కాకుండా బల్ల అంచున కూర్చున్నాడు.

"నా చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఉంటుందండీ, దర్శకురాలు డైలాగు అందించడానికి. ఆ రోజు సౌండ్ అబ్బాయి ఆవిడ గది మైకు లైను ఆపడం మర్చిపోయాడు. షాట్ మొదలైంది. నేను మీటింగులో ఉన్నాను, పెద్ద పోజు కొడుతున్నాను. చెవిలో ఆవిడ గొంతు వినబడింది. స్క్రిప్టులో లేని మాట. చాలా మెల్లగా."

అధిపతి ముందుకు వంగాడు.

"చిన్నోడా, నీ మాట వినబడట్లేదురా. వినబడకపోయినా ఫర్వాలేదు. ఫోను పెట్టేయకు. అలా కనబడుతూ ఉండు, చాలు." బుంగమూతి ఆ మాటలను ఏ నటనా కలపకుండా, విన్నవి విన్నట్టు అప్పజెప్పాడు. "అంతే. నేను నిజంగానే తల ఊపాను. తర్వాత స్క్రిప్టు ప్రకారం ఫోను పెట్టేశాను. బాబాయ్ అదరగొట్టావు అని దర్శకురాలు గెంతులేసింది. అమ్మగారు పక్క గదిలోంచి వచ్చి, మాస్కు మెడలో వేలాడుతూ ఉండగానే, నా చెంప మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది."

అధిపతి తల ఎత్తాడు.

"చిన్నోడా అందా?"

"అంది."

"ఆ పేరు బయటివాళ్లకు తెలీదు." అధిపతి రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి వాటి వైపే చూశాడు. "పెట్టేయకు అంటే పెట్టేశాను."

ఓదార్చడం బుంగమూతి వృత్తి కాదు. బిస్కెట్ల పొట్లానికి ఉన్న రబ్బరుబ్యాండు తీసి, ఒక బిస్కెట్ అధిపతి ముందు పెట్టి, ఒకటి తను నోట్లో వేసుకున్నాడు. మెత్తబడి ఉంది.

"ఒక్క ఫ్రేము కూడా కత్తిరించకండి" అన్నాడు అధిపతి తల ఎత్తకుండా. "జనాన్ని నవ్వనివ్వండి."

ఇంక అక్కడ ఉండడం బాగుండదనిపించి బుంగమూతి బయటికొచ్చాడు. హాల్లో జనం మళ్లీ లేచి నిలబడ్డారు. ఈసారి అతను, "కూర్చోండి నాయనా, కూర్చోండి" అని పెద్దరికంగా చెయ్యి ఊపాడు. అందరూ కూర్చున్నారు. ఆ చమత్కారానికి తనకు కూడా నవ్వు రాలేదు.

కింద అంతస్తులో విశాలమైన హాలు, వీధివైపు నిలువెత్తు గాజు గోడ. అవతల మధ్యాహ్నపు ఎండలో కార్లూ, జనం. బుంగమూతి ఓ స్తంభానికి ఆనుకుని ఫోను తీశాడు. పలకరింపు అప్పుడే అడుగుతోంది: "భోజనం చేశారా? ఇవాళ ఎలా గడిచింది?" దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత వేలు గట్టిగా నొక్కిపట్టి తీసేశాడు. ఫోను అడిగింది, నిజంగా తీసేయమంటారా అని. తీసేయమన్నాడు. రేపు పొద్దున్న మంచం మీద కూర్చుని ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. మరి రేపటి పొద్దంతా ఏం చెయ్యాలా అనిపించింది.

సినిమా విడుదలవుతుందని దర్శకురాలికి చెబుదామని నంబరు వెతుకుతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"అబ్బాయ్" అంది అవతలి గొంతు.

బుంగమూతి స్తంభం వదిలి నిలబడ్డాడు. "అమ్మగారూ! ఎక్కడున్నారండీ? మీకోసం ఎంత వెతికానో..."

"సినిమా ఆగిందని విని ఇవాళ మీ దర్శకురాలికి నేనే ఫోను చేశాను. నిన్ను పిలిపించారని చెప్పింది, నీ నంబరూ ఇచ్చింది. వాడిని కలిశావా?"

"కలిశాను. మీరు ఆయన అక్కగారని..."

"ఆ షాట్‌లో నేనన్నది నువ్వు విన్నావని నాకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలిసింది. వాడికి చెప్పావా?"

"చెప్పానండీ. అమ్మ మాట కదా, ఆయనకు దక్కాలనిపించింది."

ఫోనులో వాహనాల చప్పుడు వినబడింది. బయట వీధిలో ఉన్న చప్పుడే అది.

"అది అమ్మ మాట కాదు అబ్బాయ్."

"మరి?"

"అమ్మకు ఆ రోజు పొద్దున్నే మాట పడిపోయింది. మాస్కులో కదిలింది ఊపిరి. అంతే. ఫోను పట్టుకున్నది నేను కదా. కెమెరా అమ్మ వైపు తిప్పి ఉంది, నేను వాడికి కనబడను. ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎదురుగా అమ్మ ఊపిరి ఒక్కొక్కటే తగ్గుతోంది. నాకు భయమేసింది. పెట్టేయకు చిన్నోడా, మాట్లాడకపోయినా ఫర్వాలేదు, అలా కనబడుతూ ఉండు అని నేను అడిగాను. ఆ మాట నాది."

అధిపతి చెప్పిన ఆ నవ్వూ, తను ఊపిన తలా, ఆ బల్ల మీద బోర్లా పెట్టిన చేతులూ అన్నీ ఒక్కసారి బుంగమూతి కళ్లముందు తిరిగాయి.

"అయ్యో. నేనేమో అమ్మ అడిగిందని చెప్పేశాను. ఆయన అక్కడ కుప్పకూలిపోయి ఉన్నాడు. అమ్మ మాట కాదని వెళ్లి చెప్పనా?"

"అమ్మ మాట వేరే ఉంది. ముందు రోజు రాత్రి చెప్పింది. వాడికి చెప్పమంది. అది చెప్దామనే ఆ కాల్ చేశాను. వాడు పెట్టేశాక నాకు పంతం వచ్చింది, చెప్పనని. ఆ పంతం రోజురోజుకూ పెద్దదైపోయింది. ఇప్పుడు దించుకోవాలంటే చేతకావట్లేదు. అందుకే వేషం వేశాను. మాస్కు వెనకాల అయితే ఏదైనా అనొచ్చనుకున్నాను. అక్కడ కూడా అమ్మ మాట రాలేదు. నా మాటే వచ్చింది."

"ఇప్పుడు ఎక్కడున్నారు మీరు?"

"ఎదురుగా చూడు."

బుంగమూతి గాజు దగ్గరికి నడిచాడు. వీధికి అవతల, మందుల దుకాణం ముందు నీడలో, చెవికి ఫోను ఆనించుకుని నిలబడి ఉంది. చంకలో అల్లిక సంచి. అతన్ని చూసి చెయ్యి ఎత్తలేదు. ఊరికే చూస్తూ ఉంది.

రండి అనబోయాడు. ఇంతలో వెనక లిఫ్టు తెరుచుకుంది. కాపలావాళ్లు బిర్రబిగుసుకున్నారు. అధిపతి ఒక్కడే దిగాడు. కాళ్లకు ఇంకా మేజోళ్లే. బుంగమూతిని పిలవబోయి, అతను ఎటు చూస్తున్నాడో అటు చూసి, ఉన్నచోటే ఆగిపోయాడు.

వీధికి అటు ఆవిడ. గాజుకు ఇటు ఈయన. మధ్యలో ఫోను పట్టుకున్న హాస్యనటుడు. కాపలావాళ్లలో ఒకడు, "సార్, బూట్లు తెప్పించమంటారా?" అన్నాడు.

"వాడేనా?" అంది ఆవిడ.

"ఆయనేనండీ."

"సన్నబడ్డాడు." కాసేపటికి, "ఫోను వాడికివ్వు అబ్బాయ్" అంది.

బుంగమూతి నాలుగడుగులు వేసి ఫోను చాచాడు. అధిపతి దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇన్ని కోట్ల మందిని రోజూ పలకరించే మనిషి చెయ్యి పైకి రాలేదు. తప్పు చేసి దొరికిన పిల్లాడిలా బుంగమూతి మొహంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"అక్కకు ఇంకా కోపంగా ఉందా?"

మెల్లగానే అడిగాడు గానీ ఫోనులో వినబడనే వినబడింది.

"నన్నే అడగమను" అంది ఆవిడ.